ఎఫ్‌ఈసీ చందాల రికార్డులు వెతకడానికి ఏఐ ఏజెంట్ టూల్ రాస్తున్నా, వివరణలో ఏం రాయాలి?

గోదారి_గట్టు
అందరికీ నమస్తే. అమెరికా ఫెడరల్ ఎన్నికల కమిషన్, అంటే ఎఫ్‌ఈసీ, ఎన్నికల చందాల డేటాని ఓపెన్‌ఎఫ్‌ఈసీ అనే ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగే దారి) ద్వారా ఉచితంగా ఇస్తుంది. దాని మీద ఒక ఎంసీపీ సర్వర్, అంటే ఏఐ మోడల్‌కి బయటి టూల్స్ అందించే ప్రోగ్రాం, రాస్తున్నా. మామూలు మాటల్లో ప్రశ్న అడిగితే ఏజెంట్ తనే సరైన టూల్ పిలిచి జవాబు తేవాలి. ప్రస్తుతానికి నాలుగు టూల్స్: అభ్యర్థిని వెతికేది, కమిటీని వెతికేది, వచ్చిన చందాలు చూపించేది (షెడ్యూల్ ఏ), పెట్టిన ఖర్చులు చూపించేది (షెడ్యూల్ బీ).

కోడ్ నడుస్తోంది. జవాబులే తేడాగా వస్తున్నాయి. షెడ్యూల్ ఏ టూల్‌కి నేను రాసిన వివరణ ఇదీ: "చందాదారు పేరు, కమిటీ, తేదీలు ఇస్తే చందాల జాబితా ఇస్తుంది." ఇంకేమైనా రాయాలా? పెద్దగా రాస్తే ప్రతి సంభాషణలోనూ టోకెన్లు (మోడల్ చదివే మాటల ముక్కలు) తింటుందని నా టెన్షన్.

పైథాన్_పంతులు
చాలదు తమ్ముడూ. మనిషికి అనుమానం వస్తే ఆగుతాడు, వెతుక్కుంటాడు, పక్క సీట్లో వాణ్ణి అడుగుతాడు. మోడల్‌కి కనిపించేవి టూల్ పేరు, దాని వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఏ ఏ విలువలు, అంటే పారామీటర్లు, ఇవ్వాలో చెప్పే పట్టిక), అంతే. అక్కడ లేనిదాన్ని అది ఊహించుకుని ముందుకు పోతుంది.

ఒక్కటి చెప్పు. యూజర్ "2023లో వచ్చిన చందాలు" అని అడిగితే నీ ఏజెంట్ ఏ పీరియడ్ పంపుతోంది?

గోదారి_గట్టు
2023 పంపుతోందన్నా. ఆ పారామీటర్ దగ్గర "సంఖ్య" అని తప్ప ఇంకేం రాయలేదు.

పైథాన్_పంతులు
చూశావా. ఎఫ్‌ఈసీలో రెండేళ్ల లావాదేవీల కాలాన్ని చివరి సంవత్సరంతో పిలుస్తారు, అది ఎప్పుడూ సరి సంఖ్యే. 2024 అంటే 2023 జనవరి 1 నుంచి 2024 డిసెంబర్ 31 దాకా. కాబట్టి 2023 చందాలు కావాలంటే పీరియడ్ 2024 ఇచ్చి, తేదీల ఫిల్టర్ విడిగా పెట్టాలి. ఇది స్కీమాలో ఆ పారామీటర్ పక్కనే రాయి. బేసి సంఖ్య వస్తే ఎర్రర్‌లో కూడా "2023 కి బదులు 2024 ఇవ్వండి" అని పూర్తి వాక్యం పెట్టు. ఉత్త 422 అనే ఎర్రర్ కోడ్ పంపితే అది అదే కాల్‌ని మళ్ళీ మళ్ళీ కొడుతూ కూర్చుంటుంది.

ఇంకోటి, పేజీలు. చాలా ఎండ్‌పాయింట్లకి (ఏపీఐలో ఒక్కో రకం డేటా అడిగే చిరునామాలు) పేజీ నంబర్ పనిచేస్తుంది. షెడ్యూల్ ఏ, బీలకి అలా కుదరదు. ముందు జవాబు చివర ఇచ్చిన "లాస్ట్ ఇండెక్స్" విలువల్ని తీసుకుని తర్వాతి కాల్‌లో పంపాలి. ఒక కాల్‌కి గరిష్ఠంగా 100 వరసలు. ఈ గొడవంతా మోడల్‌కి చెప్పకు, నీ కోడ్‌లోనే దాచేసి "ఇంకా ఉన్నాయి, కొనసాగించడానికి ఈ గుర్తు ఇవ్వు" అని మాత్రం చెప్పు. పెద్ద వెతుకులాటల్లో మొత్తం వరసల సంఖ్య అంచనా మాత్రమే. అది కచ్చితమా కాదా అని చెప్పే ఫీల్డ్ జవాబులోనే ఉంటుంది, దాన్ని వదిలేయకు.

రేట్ లిమిట్, అంటే గంటకి ఎన్ని కాల్స్ చేయొచ్చనే పరిమితి, సంగతి తెలుసుగా? మామూలు కీకి గంటకు 1,000 కాల్స్. పరిమితి ఇంకా తక్కువున్న డెమో కీతో ఏజెంట్‌ని వదిలావంటే టీ తాగి వచ్చేలోపు ఆగిపోయి ఉంటుంది.

డాలస్_మావయ్య
నేను కోడింగ్ మనిషిని కాను. ఇక్కడ ఒక కాంగ్రెస్ అభ్యర్థి ప్రచార కమిటీలో ట్రెజరర్‌కి సాయంగా వాలంటీర్ పని చేశాను. రిపోర్టులు నింపే వైపు నుంచి చెప్తా, పనికొస్తే వాడుకో బాబూ.

ముందు 200 డాలర్ల సంగతి. ఒక మనిషి ఇచ్చింది మొత్తం కలిపి 200 దాటితేనే కమిటీ అతని పేరు, ఊరు, వృత్తి, ఉద్యోగమిచ్చిన సంస్థ విడిగా రాసి తీరాలి. అభ్యర్థి కమిటీకైతే ఆ లెక్క ఎన్నికల సైకిల్ అంతటికీ, పార్టీలకీ పీఏసీలకీ (చందాలు సేకరించి ఎన్నికల మీద ఖర్చు పెట్టే రాజకీయ కమిటీలు) అయితే క్యాలెండర్ ఏడాదికి. ఆ లోపు ఇచ్చినవాళ్ళందరినీ కలిపి ఒకే అంకెగా చూపించొచ్చు. అందుకని షెడ్యూల్ ఏ వరసలన్నీ కూడి "ఈయనకి ఇంత వచ్చింది" అంటే తప్పు. పది, ఇరవై డాలర్ల చందాల మీద నడిచే అభ్యర్థి విషయంలో అది మరీ ఘోరమైన తప్పు. మొత్తం కావాలంటే టోటల్స్ ఎండ్‌పాయింట్ వేరే ఉంది. విడిగా చూపినవి, చూపనివి రెండూ అందులో వేరువేరుగా ఉంటాయి. నీ నాలుగు టూల్స్‌లో అదే లేదు!

తర్వాత యాక్ట్‌బ్లూ, విన్‌రెడ్ లాంటివి. డెమొక్రాట్లకి మొదటిది, రిపబ్లికన్లకి రెండోది. ఇవి డబ్బు తీసుకుని, దాత చెప్పిన అభ్యర్థికి చేరవేస్తాయి. ఒకాయన యాక్ట్‌బ్లూ ద్వారా ఒక అభ్యర్థికి 500 ఇచ్చాడనుకో. యాక్ట్‌బ్లూ రిపోర్టులో ఆయన పేరుతో 500, అభ్యర్థి కమిటీ రిపోర్టులో అదే ఆయన పేరుతో మళ్ళీ 500. పేరు కొట్టి వెతికితే రెండు వరసలూ వస్తాయి. ఏజెంట్ కూడేసి వెయ్యి అంటుంది. పైగా చేరవేసే సంస్థ ఐదు డాలర్ల చందా అయినా పేరుతో సహా చూపించాల్సిందే, కాబట్టి అభ్యర్థి రిపోర్టులో కనపడని మనిషి యాక్ట్‌బ్లూ రిపోర్టులో కనిపిస్తాడు. ఈ ముక్క తెలియకపోతే మోడల్‌కే కాదు, మనిషికీ లెక్క తేలదు.

ఇంకా మెమో కోడ్. ఆ గడిలో "ఎక్స్" అని ఉంటే ఆ వరస వివరం కోసం మాత్రమే, మొత్తంలో కలపకూడదు. నలుగురు అభ్యర్థులు కలిసి జాయింట్ ఫండ్‌రైజింగ్ కమిటీ పెట్టి, అక్కడి నుంచి తమ తమ వాటా తెచ్చుకుంటారు. ఆ బదిలీ ఒక వరస. దాని కింద అసలు దాతల పేర్లు మెమో వరసలు. రెండూ కూడితే ఒకే డబ్బు రెండుసార్లు లెక్కకొచ్చినట్టు.

సన్నజాజి
మావయ్య గారి పోస్ట్ బంగారం. కానీ ఇదంతా టూల్ వివరణలో కుక్కేస్తే మోడల్ సగం మర్చిపోతుంది. అన్ని హెచ్చరికలూ ఒకేచోట ఉంటే ఏదీ హెచ్చరికలా అనిపించదు. నా పద్ధతి చెప్తా: ఏ టూల్ పిలవాలో తేల్చుకోవడానికి కావలసింది వివరణలో ఉండాలి. వచ్చిన అంకెని ఎలా చదవాలో చెప్పేది ఫలితంలోనే, ఆ అంకె పక్కనే ఉండాలి.

అంటే వివరణలో "ఒక అభ్యర్థికి మొత్తం ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి దీన్ని వాడొద్దు, టోటల్స్ టూల్ వాడు" అని ఒక వాక్యం. ఫలితంలో మెమో వరసలుంటే "వీటిలో ఇన్ని మెమో వరసలు, కూడికలో కలపలేదు" అని సర్వరే లెక్కేసి పంపాలి. కూడిక మోడల్ చేతికి ఇవ్వనే ఇవ్వకు.

పైథాన్_పంతులు
కూడిక సర్వర్‌లో చేయడం నాకూ నచ్చింది. కానీ హెచ్చరికలన్నీ ఫలితంలోకి నెట్టడం మీద నాకు అభ్యంతరం ఉంది. ఏజెంట్ ఐదారు కాల్స్ చేసి, చివర్లో అన్నీ కుదించి జవాబు రాస్తుంది. మధ్యలో వచ్చిన నోట్లు ఆ కుదింపులో మొదట ఎగిరిపోతాయి. వివరణ మాత్రం చివరిదాకా కళ్ళముందే ఉంటుంది.

సన్నజాజి
నోట్‌ని జేసన్ (సర్వర్ పంపే జవాబు రూపం) చివర "గమనిక" అని పడేస్తే ఎగిరిపోతుందండీ, నిజమే. ఫీల్డ్ పేరులోనే పెట్టండి. "మొత్తం" అనకుండా "విడిగా చూపిన చందాల మొత్తం, మెమో మినహా" అని పేరు పెడితే, కుదించినా ఆ పేరు అంకెతో పాటే పోతుంది. ఫీల్డ్ పేర్లు కూడా డాక్యుమెంటేషనే.

పైథాన్_పంతులు
సరే, ఇది ఒప్పుకున్నా.

కొత్త_కుర్రాడు
బ్రోస్, చిన్న డౌట్. సూపర్ పీఏసీలు ఒక అభ్యర్థి కోసం కోట్లు పెడతాయి కదా, అది అభ్యర్థి పేరుతో వెతికితే ఇందులో కనపడుతుందా?

డాలస్_మావయ్య
కనపడదు బాబూ. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన సిటిజన్స్ యునైటెడ్ తీర్పు, అదే ఏడాది అప్పీల్స్ కోర్టు ఇచ్చిన స్పీచ్‌నౌ తీర్పు, ఈ రెండిటి వల్ల సూపర్ పీఏసీలు పుట్టాయి. వాళ్ళు అభ్యర్థి చేతికి డబ్బివ్వరు, ఇవ్వకూడదు కూడా. సొంతంగా ప్రకటనలు వేస్తారు. అది షెడ్యూల్ ఈ. అభ్యర్థి ఐడీతో వెతికితే సమర్థించడానికి పెట్టిందా, వ్యతిరేకించడానికి పెట్టిందా అన్నది కూడా ఉంటుంది. ఈ సమర్థన, వ్యతిరేకత గడి చూడకుండా కూడితే, ఒక మనిషిని ఓడించడానికి పెట్టిన డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది.

ఈ ఖర్చులు కొంత మొత్తం దాటితే 48 గంటల్లో, ఎన్నికలు బాగా దగ్గరపడితే 24 గంటల్లో నోటీసుగా చెప్పాలి. తర్వాత మామూలు రిపోర్టులో అదే ఖర్చు మళ్ళీ వస్తుంది. ఇక్కడా రెండుసార్లు లెక్క పడే ప్రమాదముంది. నోటీసులు వేరు, రిపోర్టులు వేరు అని ఫిల్టర్ ఉంది, వాడుకో.

నల్లమల_నెటిజన్
నేను డేటా జర్నలిజం వైపు నుంచి. మీరందరూ అంకెల గురించి మాట్లాడుతున్నారు, నా భయమంతా పేర్ల గురించి. మన వాళ్ళు అమెరికాలో లక్షల మంది ఉన్నారు, ఈ టూల్ వస్తే తెలుగు పాఠకులు మొదట కొట్టేది ఎవరో ఒకరి పేరే.

ఎఫ్‌ఈసీ రికార్డుల్లో పేరు "ఇంటిపేరు, కామా, మొదటి పేరు" పద్ధతిలో ఉంటుంది. మన పేర్లు ఆ మూసలో పడవు. వెంకట సుబ్బారావు అనే మనిషి ఒకచోట "రావు, వెంకట సుబ్బ", ఇంకోచోట "సుబ్బారావు, వెంకట", మరోచోట పాస్‌పోర్టులో ఉన్నట్టు అసలు ఇంటిపేరుతో ఉంటాడు. రిపోర్టు నింపిన కమిటీ ఎలా టైపు చేస్తే అలా. ఇటు "రెడ్డి, శ్రీనివాస" అని కొడితే రాష్ట్రానికో నలుగురు దొరుకుతారు. దాతకి ఎఫ్‌ఈసీ ఐడీ ఇవ్వదు. అభ్యర్థికి ఉంటుంది, కమిటీకి ఉంటుంది, దాతకి లేదు.

కాబట్టి రెండు వరసలు ఒకే మనిషివని చెప్పే హక్కు ఏజెంట్‌కి లేదు. "ఈ పేరుతో, ఈ ఊరి నుంచి, ఈ ఉద్యోగం రాసి ఉన్న వరసలు ఇవి" అనే దాకానే. ఊరు, జిప్, ఉద్యోగం మూడూ కలిసినా "బహుశా ఒకరే" అనాలి. ఇది వివరణలోనే గట్టిగా రాయండి.

ఉద్యోగం గడి ఇంకో తమాషా. అది దాత రాసిన మాటే, ఎవరూ సరిచూడరు. ఒకే కంపెనీ పది రకాలుగా ఉంటుంది. "రిటైర్డ్", "నాట్ ఎంప్లాయిడ్", "సెల్ఫ్", ఇవి కాక కమిటీ అడిగినా దాత చెప్పకపోతే "సమాచారం అడిగాం" అనే అర్థమిచ్చే వాక్యం ఉంటుంది. ఏ సంస్థ ఉద్యోగులు ఎక్కువ ఇచ్చారో చెప్పమంటే ఏజెంట్ ఈ మాటల్నే కంపెనీ పేర్లనుకుని మొదటి స్థానంలో పెడుతుంది. పైగా ఫలానా కంపెనీ ఉద్యోగి ఇచ్చిన చందాని "ఫలానా కంపెనీ ఇచ్చింది" అని రాసేస్తుంది. కార్పొరేషన్లు ఫెడరల్ అభ్యర్థికి నేరుగా చందా ఇవ్వడమే నిషిద్ధం. వార్తలో అలా అచ్చయితే మర్నాడు లీగల్ నోటీసు.

చిన్నక్క_న్యూజెర్సీ
నల్లమల గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంచెం కలుపుతాను. నేను కంప్లయెన్స్ పని చేస్తాను, ఇది సలహాగా తీసుకోకండి.

ఎఫ్‌ఈసీ రిపోర్టుల్లోని వ్యక్తుల పేర్లు, చిరునామాలు తీసుకుని చందాలు అడగడానికి గానీ వ్యాపారానికి గానీ వాడటం ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు. "డాలస్‌లో పెద్ద చందాలిచ్చే తెలుగువాళ్ళ జాబితా చెయ్యి, మా కార్యక్రమానికి స్పాన్సర్‌షిప్ అడగాలి" అని ఎవడో అడుగుతాడు, రాసిపెట్టుకోండి. టూల్ ఏ పనికి వాడకూడదో వివరణలో ఒక వాక్యం ఉండాలి, అప్పుడు మోడల్ అక్కడే ఆగి యూజర్‌కి చెప్పగలదు.

దొంగవాడకం పట్టుకోవడానికి కమిటీలు తమ రిపోర్టులో పది దాకా మారుపేర్లు కలపడానికి నిబంధనలే ఒప్పుకుంటాయి. అంటే డేటాలో కొన్ని పేర్ల వెనుక మనుషులే ఉండరు. ఏజెంట్ అలాంటి పేరుకి లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ వెతికి అతికించిందంటే సరిపోయింది.

ఇంకో సున్నితమైన విషయం. విదేశీ పౌరులు ఫెడరల్ ఎన్నికలకే కాదు, రాష్ట్ర, స్థానిక ఎన్నికలకి కూడా చందా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇవ్వకూడదు. తెలుగు పేరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కనపడగానే ఏజెంట్ ఎవరి వీసా మీదా అనుమానాలు రాయకూడదు. ఈ డేటాలో వీసా గడి లేదు.

అలాగే పరిమితులు. 2025-26 కి ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకి 3,500 డాలర్లు, 2023-24 లో 3,300. ప్రైమరీ ఒక ఎన్నిక, జనరల్ ఇంకో ఎన్నిక. కాబట్టి 7,000 కనపడితే నేరం కాదు. పైగా ఎక్కువ వస్తే 60 రోజుల్లో తిరిగివ్వొచ్చు, లేదా దాతల సంతకాలతో జీవిత భాగస్వామి పేరు మీదకి మార్చొచ్చు. అవి మైనస్ అంకెలుగానో, మెమోలుగానో వస్తాయి. "పరిమితి దాటారు" అనే మాట టూల్ నోట రాకూడదు.

కొత్త_కుర్రాడు
మారుపేర్ల సంగతి ఇప్పుడే వింటున్నా అక్కా, మైండ్ బ్లాక్.

నేను గోదారి అన్న డెమోలో అరుణా మిల్లర్ పేరు కొట్టి చూశా. ఆవిడ హైదరాబాద్‌లో పుట్టారు, 2023 నుంచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్. ఏజెంట్ ఏవో చందాలు చూపించి, అవే ఆమె మొత్తం ఎన్నికల నిధులన్నట్టు రాసింది. అది కరెక్టేనా?

డాలస్_మావయ్య
కాదు. ఆవిడ 2018లో మేరీలాండ్ ఆరో కాంగ్రెస్ జిల్లాకి ప్రైమరీలో పోటీచేసి ఓడిపోయారు. ఎఫ్‌ఈసీలో ఆవిడ అభ్యర్థిగా ఉన్నది ఆ ఫెడరల్ పోటీకి. లెఫ్టినెంట్ గవర్నర్ పదవి రాష్ట్రానిది, ఆ లెక్కలు మేరీలాండ్ ఎన్నికల బోర్డు దగ్గర ఉంటాయి. గవర్నర్లు, రాష్ట్ర శాసనసభలు, మేయర్లు, స్కూల్ బోర్డులు, ఇవేవీ ఎఫ్‌ఈసీ పరిధిలో లేవు.

సన్నజాజి
ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఖాళీ ఫలితం వస్తే కాస్త నయం, యూజర్‌కి అనుమానమైనా వస్తుంది. సగం ఫలితం వచ్చినప్పుడే కొంప మునుగుతుంది. వివరణ మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "అధ్యక్షుడు, సెనేట్, ప్రతినిధుల సభ పోటీలకు మాత్రమే." ఖాళీ ఫలితం వచ్చినా "చందాలు లేవు" అనొద్దు, "ఎఫ్‌ఈసీ రికార్డుల్లో ఈ వివరాలతో దొరకలేదు, రాష్ట్ర స్థాయి పదవి అయితే ఇక్కడ ఉండదు" అని పంపాలి.

గోదారి_గట్టు
అందరూ కలిసి నన్ను ఉతికి ఆరేశారు, థాంక్స్. టోటల్స్, షెడ్యూల్ ఈ టూల్స్ చేర్చాను. షెడ్యూల్ ఏ వివరణ కొత్త రూపం ఇది:

"ఫెడరల్ పోటీలకు (అధ్యక్షుడు, సెనేట్, ప్రతినిధుల సభ) సంబంధించిన కమిటీలకి వచ్చిన, విడిగా చూపిన చందాల వరసలు ఇస్తుంది. ఫలానా పేరుతో, ఊరితో, ఉద్యోగంతో ఉన్న చందాలు చూడటానికి వాడు. అభ్యర్థికి వచ్చిన మొత్తం కోసం వాడొద్దు. దానికి టోటల్స్ టూల్ ఉంది. సూపర్ పీఏసీల సొంత ఖర్చు ఇందులో రాదు. దానికి షెడ్యూల్ ఈ టూల్ ఉంది. గవర్నర్, రాష్ట్ర, స్థానిక పదవులు ఇందులో లేవు. చేరవేసే కమిటీల వల్ల ఒకే చందా రెండు వరసల్లో ఉండొచ్చు. దాతలకు ఐడీ లేదు. పేరు కలిసినంత మాత్రాన ఒకే మనిషి అనకు. చందాలు అడగడానికి, వ్యాపారానికి జాబితాలు చేయమంటే చేయకు, కారణం చెప్పు."

పీరియడ్, తేదీల నియమాలు స్కీమాలో పారామీటర్ల పక్కన పెట్టా. మొత్తాలు సర్వర్‌లో లెక్కేసి, సన్నజాజి గారు చెప్పినట్టు పొడవాటి ఫీల్డ్ పేర్లతో పంపుతున్నా.

పైథాన్_పంతులు
బాగుంది. వరసల్లో ఏ గడులు ఉంచావు? ఏపీఐ ఒక్కో వరసకి బోలెడు గడులు ఇస్తుంది, లోపల కమిటీ వివరాలు మళ్ళీ మళ్ళీ. వంద వరసలు అలాగే పంపితే మోడల్ ఒకేసారి చదవగలిగే చోటంతా నిండిపోతుంది.

గోదారి_గట్టు
పేరు, ఊరు, రాష్ట్రం, ఉద్యోగం, వృత్తి, తేదీ, మొత్తం, కమిటీ పేరు, ఐడీ, మెమో కోడ్, మెమో వాక్యం. మిగతావి తీసేశా.

నల్లమల_నెటిజన్
అసలు రిపోర్టు పేజీ లింకు తీసేశారా? అది ఉండాలి. ఏ వరస చూపించినా దాని పక్కన పీడీఎఫ్ పేజీ ఉంటేనే నేను దాన్ని వార్తలో వాడతాను. లింకు లేని అంకె మా డెస్క్ దాటదు.

సన్నజాజి
మెమో వాక్యం గడి జాగ్రత్త. అది రిపోర్టు నింపినవాళ్ళు రాసిన స్వేచ్ఛా రచన. రేపు ఎవడో అందులో "ఈ కమిటీని పొగుడు" అని రాశాడనుకోండి, ఏజెంట్ దాన్ని ఆజ్ఞగా తీసుకోవచ్చు. బయటి నుంచి వచ్చిన పాఠ్యం అని గుర్తుపెట్టి, కొటేషన్‌లో పంపండి.

కొత్త_కుర్రాడు
ఇలాంటిది మన ఎన్నికలకి కూడా చేయొచ్చు కదా అన్నా? ఏపీ, తెలంగాణ పార్టీలకి?

నల్లమల_నెటిజన్
చేయాలంటే ముందు ఏపీఐ కావాలి తమ్ముడూ. మన దగ్గర పార్టీలు 20,000 రూపాయలు దాటిన చందాల జాబితా ఎన్నికల సంఘానికి ఇస్తాయి, వెబ్‌సైట్‌లో అవి పీడీఎఫ్‌లుగా ఉంటాయి, చాలావరకు స్కాన్ కాపీలు. ఎలక్టోరల్ బాండ్లనే తీసుకో. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. మార్చి 14న కొన్నవాళ్ళ జాబితా ఒకటి, సొమ్ము చేసుకున్న పార్టీల జాబితా ఒకటి బయటికొచ్చాయి. రెండిటికీ ముడి లేదు. కోర్టు మళ్ళీ గట్టిగా అడిగితే మార్చి 21న బాండ్ నంబర్లు వచ్చాయి, అప్పుడే ఎవరిది ఎవరికి వెళ్ళిందో తెలిసింది. ఆ వారం మధ్యలో ఏజెంట్‌ని అడిగి ఉంటే తేదీలు, మొత్తాలు చూసి తనే జతలు కలిపేసేది. మన డేటాకి వివరణ రాస్తే అందులో సగం "ఇది తెలియదు" అనే ఉంటుంది, అయినా రాయాలి. వేరే థ్రెడ్ తెరువు, నేనూ వస్తా.

గోదారి_గట్టు
లింకు గడి మళ్ళీ పెట్టేశా, మెమో వాక్యం కొటేషన్‌లోకి మార్చా. ఆఖరి ప్రశ్న: నిన్న దాఖలైన రిపోర్టు గురించి అడిగితే షెడ్యూల్ ఏలో రావట్లేదు. ఈ-ఫైల్ అని ఇంకో ఎండ్‌పాయింట్ కనపడింది, అది కలపనా?

చిన్నక్క_న్యూజెర్సీ
వేరే టూల్‌గా పెట్టండి, కలపకండి. ఈ-ఫైల్‌లో ఉన్నది కమిటీ పంపింది పంపినట్టు, ఎఫ్‌ఈసీ ఇంకా దాన్ని వర్గీకరించలేదు. రెండూ ఒకే జాబితాలో పడితే అవే వరసలు రెండుసార్లు వస్తాయి. టూల్ పేరులోనే "ముడి దాఖలు" అని ఉండనివ్వండి, ఫలితంలో దాఖలైన తేదీ తప్పనిసరిగా పంపండి.